క్లచ్‌కు వారంటీ రాదన్నారా? గేర్‌బాక్స్ దించకముందే చేయాల్సిన పనులు

కారు కొని ఏడాదిన్నర కాలేదు, 18,000 కిలోమీటర్లకే క్లచ్ జారుతోంది. సర్వీస్ సెంటరుకు తీసుకెళ్తే వినిపించే మొదటి మాట, "క్లచ్ వారంటీలోకి రాదండీ, అది అరిగే వస్తువు." ఈ మాటలో సగమే నిజం. వారంటీ పుస్తకాలు మామూలుగా మినహాయించేది వాడకంలో అరిగిపోయిన క్లచ్ ప్లేటును. ఇంజను వెనక ఆయిలు సీలు కారి ప్లేటు తడిసినా, ప్లేటులో కుదుపులు మింగే డ్యాంపర్ స్ప్రింగు విరిగినా, రిలీజ్ బేరింగ్ పట్టేసినా అది అరుగుదల కాదు, లోపం. ఎందుకు పోయిందో తేలితే ఎవరు డబ్బు పెట్టుకోవాలో తేలుతుంది. ఆ కారణానికి సాక్ష్యం ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్యే ఉంటుంది. మీరు చూడకుండా విప్పేసి, కొత్తది బిగించి, పాతది తుక్కులో వేసేశాక ఇక వాదించడానికి ఏమీ మిగలదు.

లోపల ఏముంది

ఇంజను వెనక తిరిగే బరువైన చక్రం ఫ్లైవీల్. దానికి బోల్టులతో బిగించేది ప్రెషర్ ప్లేటు. రెండింటి మధ్య ఇరుక్కుని ఉండేది క్లచ్ ప్లేటు. పెడల్ తొక్కితే రిలీజ్ బేరింగ్ ముందుకు జరిగి ప్రెషర్ ప్లేటు స్ప్రింగు వేళ్లను నొక్కుతుంది, పట్టు వదులుతుంది. చాలా చిన్న కార్లలో ఈ పని కేబుల్ చేస్తుంది. మిగతావాటిలో పెడల్ దగ్గర మాస్టర్ సిలిండరు, గేర్‌బాక్స్ దగ్గర స్లేవ్ సిలిండరు, మధ్య గొట్టంలో బ్రేక్ ఆయిలు. కొన్ని మోడళ్లలో స్లేవ్ సిలిండరు, బేరింగు కలిసి గేర్‌బాక్స్ లోపలే ఉంటాయి. అది కారితే చిన్న సీలు కోసం కూడా గేర్‌బాక్స్ దించక తప్పదు.

పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు గానీ పూర్తిగా వదిలినప్పుడు గానీ ప్లేటు అరగదు. సగంలో ఉన్నప్పుడే రాపిడి, వేడి. క్లచ్ ఆయుష్షంతా ఆ హాఫ్ క్లచ్ ఎంతసేపు ఉందన్న దాని మీదే ఆధారపడుతుంది.

బండి ఏం చెబుతోంది

ముందు కిందకి వంగి పెడల్ కింద చాప చూడండి. మందపాటి మ్యాట్ ముందుకు జరిగి పెడల్ పూర్తిగా దిగకుండా అడ్డుపడితే గేర్లు గీసుకుంటాయి. క్లచ్ పోయిందనుకుని వచ్చిన బండి మ్యాట్ తీయగానే బాగుపడటం వర్క్‌షాపుల్లో మామూలే.

జారడం: నాలుగో గేరులో 40–50 వేగంతో వెళ్తూ, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు యాక్సిలరేటరు గట్టిగా నొక్కండి. ఆర్‌పీఎం ముల్లు ఎగిరి, స్పీడు మాత్రం నెమ్మదిగా పెరిగితే క్లచ్ జారుతున్నట్టే. ఆగి ఉన్నప్పుడు చూడాలంటే ఎదురుగా మనుషులు లేనిచోట హ్యాండ్‌బ్రేక్ బిగించి, కాలిబ్రేక్ కూడా తొక్కి, మూడో గేరు వేసి క్లచ్ వదలండి. ఇంజను వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూ ఉంటే జారుతోంది. ఈ పరీక్ష ఒక్కసారే. పదే పదే చేస్తే ఉన్న ప్లేటు కూడా కాలుతుంది.

వదలకపోవడం: ఇంజను ఆన్‌లో, న్యూట్రల్‌లో పెడల్ పూర్తిగా తొక్కి మూడు నాలుగు సెకన్లు ఆగి రివర్సు వేయండి. కిర్రుమంటే క్లచ్ పూర్తిగా విడటం లేదు. కేబుల్ సాగడం, ఆయిలు తగ్గడం, గొట్టంలో గాలి చేరడం, ప్లేటు వంకరపోవడం, ఇవీ కారణాలు. ఇంజను ఆపితే గేర్లు తేలిగ్గా పడి, ఆన్ చేస్తే పడకపోతే గేర్‌బాక్స్‌ను అనుమానించే ముందు క్లచ్‌నే చూడాలి.

అదురు: మొదటి గేరులో కదిలేటప్పుడు బండి వణికితే ప్లేటుకు ఆయిలు తగిలి ఉండొచ్చు, ఫ్లైవీల్ మీద వేడి మచ్చలు ఉండొచ్చు. అయితే ఇంజనును పట్టి ఉంచే మౌంటు రబ్బరు తెగినా ఇదే అదురు వస్తుంది. మౌంటు చూడటానికి గేర్‌బాక్స్ దించక్కర్లేదు కాబట్టి ముందు అదే చూడమనండి.

మోత: పెడల్ తొక్కితే వచ్చి, వదిలితే పోయే మోత రిలీజ్ బేరింగుది. న్యూట్రల్‌లో పెడల్ వదిలినప్పుడు వచ్చి, తొక్కితే పోయే మోత చాలావరకు గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగుది. ఈ తేడా బాగా గుర్తుపెట్టుకోండి. రెండోది గేర్‌బాక్స్ భాగం, వారంటీలో ఉండేది. దాన్ని "క్లచ్ మోత" అని జాబ్ కార్డులో (సర్వీస్ సెంటరు మీ ఫిర్యాదు రాసుకునే కాగితం) రాస్తే అక్కడే మీకు నష్టం మొదలవుతుంది.

పెడల్ మెత్తగా దిగిపోతుంటే బ్రేక్ ఆయిలు డబ్బా చూడండి. చాలా కార్లలో బ్రేకుకీ క్లచ్‌కీ ఒకే డబ్బా. క్లచ్‌కు వెళ్లే చిన్న గొట్టం కాస్త పైన ఉంటుంది కాబట్టి ఆయిలు తగ్గితే ముందు క్లచ్ దెబ్బతింటుంది. బ్రేకు పనిచేస్తోంది కదా అని ఊరుకోవద్దు, ఎక్కడ కారుతోందో ఆ రోజే వెతకాలి. మూత మీద రాసిన డాట్ 3 లేదా డాట్ 4 మాత్రమే పోయాలి. బ్రేక్ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కోనసీమ లాంటి ఉక్కపోత ప్రాంతంలో రెండేళ్లకోసారి మార్చడం మంచిది.

కేబుల్ బండి అయితే పెడల్‌ను వేలితో నొక్కి ఫ్రీ ప్లే, అంటే బిగువు తగిలేదాకా పెడల్ ఊరికే కదిలే దూరం, కొలవండి. మామూలుగా 10–20 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, మీ బండికి ఎంతో మాన్యువల్లో ఉంది. అసలు లేకపోతే కాలు పెట్టకపోయినా బేరింగు ప్రెషర్ ప్లేటును కొద్దిగా నొక్కుతూనే ఉంటుంది, క్లచ్ ఊరికే జారి కాలిపోతుంది. దీన్ని సరిచూడటం సర్వీస్ సెంటరు పని. పాత సర్వీసు బిల్లుల్లో "క్లచ్ చెక్, అడ్జస్ట్" అని ఉన్నాయా చూసి ఆ కాగితాలు దాచుకోండి. సరిచూశామని రాసి సరిచూడకపోతే ఆ తప్పు డ్రైవరుది కాదు.

గోదావరి డెల్టాలో క్లచ్ ఎందుకు త్వరగా పోతుంది

ఘాట్ రోడ్డు లేదు కదా, మన దగ్గర క్లచ్‌కేం కష్టం అనుకుంటారు. జాగ్రత్తగా నడిపితే 80,000 కిలోమీటర్ల పైన వచ్చే ప్లేటు ఇక్కడ 30,000కే పోవడానికి కారణాలు ఉన్నాయి.

మొదటిది కాలవ గట్టు. ఒక్క బండే పట్టే రోడ్డు మీద ఎదురుగా ధాన్యం ట్రాక్టరో చేపల లారీయో వస్తే రెండు వందల గజాలు వెనక్కి పోవాలి. రివర్సు గేరు నిష్పత్తి మొదటి గేరుకు దగ్గరగానే ఉంటుంది, అందుకే హాఫ్ క్లచ్ లేకుండా ఐడిల్ వేగంతోనే మెల్లగా వెళ్లొచ్చు. క్లచ్ పూర్తిగా వదిలేసి, ఆగాల్సి వస్తే పూర్తిగా తొక్కాలి. చాలామంది అద్దంలో చూసుకుంటూ ఆ దూరమంతా పెడల్ సగంలోనే పట్టుకుంటారు. వాసన వచ్చేది అక్కడే.

రెండోది రేవు. నరసాపురం–సఖినేటిపల్లి పంటు (బండ్లను గోదావరి దాటించే పడవ) ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వాలు మీద వరసలో ఆగాలి. యాక్సిలరేటరూ క్లచ్‌తో బండిని ఆపి ఉంచొద్దు, హ్యాండ్‌బ్రేక్ వేయండి. కదలాల్సినప్పుడు క్లచ్ పట్టు అందాక, బండి ముక్కు కాస్త లేచినట్టు అనిపించాక హ్యాండ్‌బ్రేక్ వదలండి. గేర్లు వాటంతటవే మారే ఏఎంటీ కార్లవారికి ఇది రెండింతలు ముఖ్యం. క్లచ్ పెడల్ లేనంత మాత్రాన క్లచ్ లేనట్టు కాదు, లోపల అదే ప్లేటు. వాలు మీద యాక్సిలరేటరుతో ఆపితే అదీ అలాగే కాలుతుంది.

రావులపాలెం దగ్గరో, సంక్రాంతి రోజుల్లో భీమవరం చుట్టూనో గంటలకొద్దీ పాకే ట్రాఫిక్ ఉంటుంది. అడుగు అడుగుకీ కదలొద్దు. ముందు రెండు మూడు కార్ల ఖాళీ వచ్చాక ఒకేసారి కదలండి. ఆగినప్పుడు న్యూట్రల్ చేసి పాదం తీసేయండి. చెరువు మేత బస్తాలు డిక్కీ నిండా వేసి గట్టు ఎక్కించడం, లంకల్లో ఇసుకలో దిగబడిన చక్రాన్ని రేస్ ఇచ్చి లాగడం కూడా ప్లేటుకు ఆయుష్షు తీసేవే. ఇసుకలో కూరుకుంటే రెండు ప్రయత్నాల తర్వాత ఆపి, చక్రం కింద గోనెసంచి, పలక వేసి, తాడు కట్టించండి.

ఇక వరద. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి హెచ్చరిక 11.75 అడుగులకు, రెండోది 13.75కు, మూడోది 17.75కు ఇస్తారు. 2022 జులైలో మూడో హెచ్చరిక దాటి 25 లక్షల క్యూసెక్కుల పైన నీరు వెళ్లింది. లంక గ్రామాల్లో ఉన్నవాళ్లు రెండో హెచ్చరిక వచ్చేదాకా ఆగకుండా కారును ఎత్తయిన చోటికి తీసేయాలి. గేర్‌బాక్స్ మట్టానికి నీళ్లు వచ్చి కొన్ని రోజులు నిలిస్తే క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కు తుప్పుతో అతుక్కుంటుంది. చెరువుల ప్రాంతంలో ఉప్పు నీరైతే ఇంకా త్వరగా. అలాంటి బండిని స్టార్ట్ చేయకండి. నీటి మరక ఎంత ఎత్తున ఉందో ఫొటో తీసి, ముందు ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పండి. వరద నష్టం వారంటీలోకి రాదు. ఓన్ డ్యామేజ్ (మీ సొంత బండికి జరిగిన నష్టం) ఉన్న పాలసీ కింద అడగాలి. వరిచేల పక్కన పెట్టిన బండిలో ఎలుకలు కొరికిన గొట్టానిదీ దాదాపు ఇదే దారి.

సర్వీస్ సెంటరులో

జారుడు మొదలైన వారంలోనే వెళ్లండి. వారంటీ గడువు దగ్గరపడితే మరీ ముఖ్యం. గడువులోపల ఫిర్యాదు నమోదైతే, మరమ్మతు తర్వాత జరిగినా వాదించడానికి ఆధారం ఉంటుంది. మారుతి సుజుకి 2024 జులై నుంచి తన ప్రామాణిక వారంటీని 2 ఏళ్లు/40,000 కి.మీ. నుంచి 3 ఏళ్లు/1,00,000 కి.మీ.కు పెంచింది. మీ బండి ఏ తేదీన డెలివరీ అయిందో దాన్ని బట్టి మీ పుస్తకంలో ఏముందో చూసుకోండి. కాలం, కిలోమీటర్లు, రెండింటిలో ఏది ముందు వస్తే అదే గడువు. క్లచ్‌కు మాత్రం విడిగా తక్కువ గడువు రాసే కంపెనీలు ఉన్నాయి, ఆ పేజీ వెతికి చదవండి. ఎక్స్‌టెండెడ్ వారంటీ కొన్నా క్లచ్ ప్లేటు దానిలో సాధారణంగా ఉండదు. హైడ్రాలిక్ భాగాలు ఉంటాయేమో అడిగి రాయించుకోండి. సొంత నంబరు బండిని అద్దెకు తిప్పితే, ఇంజను ట్యూనింగ్ మార్పిస్తే మొత్తం వారంటీయే ప్రమాదంలో పడుతుంది.

జాబ్ కార్డులో అడ్వైజరు "క్లచ్ ప్రాబ్లం" అని రెండు ముక్కలు రాస్తారు. ఒప్పుకోకండి. ఇలా రాయించండి: "18,240 కి.మీ. వద్ద నాలుగో గేరులో వేగం పెంచినప్పుడు ఆర్‌పీఎం పెరుగుతోంది, వేగం పెరగడం లేదు. మొదట గమనించింది ఫలానా తేదీ. గేర్‌బాక్స్, ఇంజను మధ్య ఆయిలు కారుతోందేమో పరిశీలించాలి." తర్వాత అడ్వైజరును పక్కన కూర్చోబెట్టుకుని రోడ్డు మీద చూపించండి. వాళ్లు చూసి ఒప్పుకున్నారన్న మాట కూడా కార్డులో పడాలి.

గేర్‌బాక్స్ దించడానికి సంతకం అడిగినప్పుడు ఆగండి. ఎస్టిమేట్ రెండు రకాలుగా రాయమనండి: లోపం అని తేలితే ఎంత, అరుగుదల అని తేలితే ఎంత. "లోపమని తేలితే విప్పిన కూలి కూడా తీసుకోము" అని రాయించుకోండి. విప్పేటప్పుడు నేనుంటాను, పాత భాగాలు నాకు చూపించాలి అని వాట్సాప్‌లో గానీ ఈమెయిల్‌లో గానీ ఒక ముక్క పంపండి. ముందు చక్రాలతో నడిచే చిన్న కారుకు ఇది నాలుగైదు గంటల పని. పొద్దున్నే వెళ్లి కూర్చుంటే మధ్యాహ్నానికి తేలిపోతుంది.

విప్పాక చూడాల్సినవి ఇవి. క్లచ్ ప్లేటు ముఖం అంతటా సమంగా అరిగి రివెట్ల దాకా వచ్చి, ప్రెషర్ ప్లేటు మీద నీలం రంగు వేడి మచ్చలు ఉంటే అది జారుడు వల్ల కాలినది. డ్రైవింగ్ వల్ల కావచ్చు, ఫ్రీ ప్లే లేకపోవడం వల్లా కావచ్చు. రివెట్ తల ఎంత లోతున ఉందో కొలిపించండి. పరిమితి మోడలును బట్టి మారుతుంది, మామూలుగా అర మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది. ప్లేటు మందం బాగా మిగిలి ఉండగానే జారుతోందంటే అరుగుదల అన్న వాదన నిలబడదు. ప్లేటు నల్లగా జిడ్డుగా ఉంటే గుడ్డతో తుడిచి ఆయిలు ఎక్కడిదో చూడండి. ఇంజను వైపు తడి ఉంటే క్రాంక్ వెనక సీలు, గేర్‌బాక్స్ వైపు ఉంటే ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు. రెండూ వారంటీ భాగాలే. వాటివల్ల చెడిపోయిన ప్లేటును కూడా వారంటీలోనే మార్చమని అడగాలి. డ్యాంపర్ స్ప్రింగు విరిగినా, ఫేసింగు (ప్లేటు మీది రాపిడి పొర) పెచ్చులుగా ఊడినా ఫొటో తీయండి. అయితే ఎక్కువ వేగంలో పొరపాటున చిన్న గేరు వేసినా ఫేసింగు పగిలే అవకాశం ఉందని వాళ్లు అంటారు, అది అబద్ధం కాదు. స్ప్రింగు వేళ్ల కొసలు లోతుగా అరిగి ఉంటే బేరింగు పట్టేసిందా, చేత్తో తిప్పి చూడండి. ప్రతి ఫొటోలో పక్కన కొలబద్ద గానీ నాణెం గానీ పెట్టండి. ఛాసిస్ నంబరు, ఓడోమీటరు ఫొటోలు కూడా తీసుకోండి.

లేదన్నప్పుడు

నోటితో చెప్పిన "రాదు"కు విలువ లేదు. వారంటీ తిరస్కరణను ఏ నిబంధన కింద, ఏ కారణంతో అన్నది డీలరు లెటర్‌హెడ్ మీదో ఈమెయిల్‌లోనో అడగండి. ఆ తర్వాత మెట్లు ఇవీ: వర్క్స్ మేనేజరు, కంపెనీ ప్రాంతీయ సర్వీస్ మేనేజరు, కంపెనీ కస్టమర్ కేర్ ఈమెయిల్. కారు తక్కువ తిరిగి, సర్వీసులు అన్నీ అక్కడే చేయించి ఉంటే గుడ్‌విల్ కింద సగం పార్టుల ధర కంపెనీ భరించమని అడగండి. ఇది హక్కు కాదు, కానీ కాగితాలు శుభ్రంగా ఉన్నవాళ్లకు చాలాసార్లు దొరుకుతుంది. గొంతు పెంచితే దొరకదు.

అక్కడా కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. అదీ ఫలించకపోతే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా కమిషన్. కారుకు మీరు చెల్లించిన ధర 50 లక్షల లోపైతే జిల్లా కమిషనే. కారణం తలెత్తిన నాటి నుంచి 2 ఏళ్ల లోపు వేయాలి. డీలరు ఎక్కడున్నా మీరు నివసించే చోటి కమిషన్‌లోనే వేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు. ఫీజు కారు ధరను బట్టి: 5 లక్షల దాకా ఏమీ లేదు, 10 లక్షల దాకా 200 రూపాయలు, 20 లక్షల దాకా 400, 50 లక్షల దాకా 1,000. డీలరునూ తయారీ కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఒకరినే చేరిస్తే ఆ ఒకరు రెండోవారి మీదకు తోసేస్తారు. లోపం పరీక్ష లేకుండా తేలదనుకుంటే కమిషన్ దాన్ని ప్రయోగశాలకు పంపొచ్చు. అందుకే బిల్లు కట్టి మార్పించుకున్నా పాత ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు రాయించుకుని ఇంటికి తెచ్చుకోండి. కడగకండి, జిడ్డు ఉంటే జిడ్డుతోనే కవరులో కట్టి పెట్టండి.

డబ్బు మీరే పెట్టి మార్పిస్తుంటే

ప్లేటు ఒక్కటే మార్చడం తప్పుడు పొదుపు. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు మూడూ కలిపి సెట్టుగా వేయించండి. బేరింగు ఆరు నెలల్లో పోతే మళ్లీ అంత కూలీ కట్టాలి. గేర్‌బాక్స్ దించినప్పుడే క్రాంక్ వెనక సీలు తడిగా ఉందా చూడమనండి. ఫ్లైవీల్ మీద గీతలు, నీలం మచ్చలు ఉంటే వాటి సంగతి తేల్చకుండా కొత్త ప్లేటు వేస్తే అదురు వస్తుంది. కొన్ని డీజిల్ కార్లలో మధ్య స్ప్రింగులతో రెండు భాగాలుగా ఉండే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ ఉంటుంది, దాన్ని లేత్ మీద చెక్కించకూడదు, ధర కూడా మొత్తం క్లచ్ సెట్టు కంటే చాలా ఎక్కువ. అలాంటి బండైతే ముందే అడిగి ఎస్టిమేటులో చూడండి. ఇన్‌పుట్ షాఫ్ట్ పళ్లకు గ్రీజు పల్చగా పూయాలి. ఎక్కువైతే అది ఎగిరి ప్లేటుకే అంటుకుంటుంది. ఏఎంటీ బండికి కొత్త ప్లేటు వేశాక స్కానరుతో క్లచ్ లెర్నింగ్ (కొత్త ప్లేటు పట్టు ఎక్కడో బండి కంప్యూటరుకు నేర్పడం) చేయాలి, చేయకపోతే బండి కుదుపుతుంది.

2025 సెప్టెంబరు 22 నుంచి కారు విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతం. పాత లెక్కతో 28 శాతం వేస్తే బిల్లు మార్పించుకోండి. పార్టు నంబర్లు విడివిడిగా ఉండాలి, "క్లచ్ వర్క్" అని ఒకే వరస ఉంటే తిప్పి ఇచ్చేయండి. బండి తీసుకునే ముందు రివర్సు పరీక్ష, నాలుగో గేరు పరీక్ష మీరే చేసుకోండి. మొదటి 500 కిలోమీటర్లు బరువు వేయొద్దు, గట్టిగా లాగించొద్దు. కేబుల్ బండి అయితే ఆ తర్వాత ఒకసారి తీసుకెళ్లి ఫ్రీ ప్లే మళ్లీ చూపించండి, కొత్త ప్లేటు సర్దుకునేటప్పుడు అది మారుతుంది. డబ్బు పెట్టి వేయించిన పార్టుకు విడిగా వారంటీ ఉంటుంది. ఎన్ని నెలలో, ఎన్ని కిలోమీటర్లో ఆ బిల్లు మీదే రాయించి సంతకం, ముద్ర వేయించుకోండి.